దానానికీ ఒక పద్దు ఉండాలి

పుట్టినరోజో, పెళ్లిరోజో, పెద్దల తద్దినమో వచ్చిందంటే కర్నూలు, అనంతపురం వంటి పట్టణాల్లో చాలా కుటుంబాలకు మొదట గుర్తొచ్చేది వృద్ధాశ్రమంలో అన్నదానం. మంచిరోజున ఒకే మధ్యాహ్నానికి ఇద్దరు ముగ్గురు దాతలు పులిహోర, మిఠాయిలతో వస్తే, అక్కడున్న షుగరు జబ్బు పెద్దలు వాటిని తినలేరు. బీపీ మాత్రలకు, కరెంటు బిల్లుకు, రాత్రిళ్లు కనిపెట్టుకుని ఉండే ఆయా జీతానికి మాత్రం నిర్వాహకులు ప్రతి నెలా వెతుక్కోవలసిందే. ఇచ్చేవారి మంచితనాన్ని శంకించడానికి ఏమీ లేదు. అయితే ఎప్పుడు ఇవ్వాలో మన ఇంటి క్యాలెండరు చూసి నిర్ణయించుకుంటున్నాం, పుచ్చుకునేవారికి ఏ నెల గడవడం కష్టమో అడగడం లేదు.

కర్నూలు జిల్లా పడమటి పల్లెలు ఇందుకు గట్టి ఉదాహరణ. కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు పత్తి తీతకు, మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలస వెళ్తాయి, వెంట పిల్లలూ వెళ్తారు, బడిలో హాజరు పట్టీ మీద వాళ్ల పేర్లు మాత్రమే మిగులుతాయి. జూన్‌లో నోటు పుస్తకాలు పంచే దాతలకు కొదువ లేదు. ఆ సొమ్ములో సగం దాచి, తల్లిదండ్రులు మూట సర్దుకునే వేళకు అవ్వాతాతల దగ్గర ఉండిపోయే పిల్లవాడికి బియ్యం, పప్పు, నూనె సమకూరిస్తే అతని చదువు ఆ ఏడాది తెగకుండా నిలిచే అవకాశం ఉంటుంది. ఇది ముందుగా అనుకుని పక్కన పెట్టుకుంటే తప్ప జరిగే పని కాదు.

రక్తదానంలో ఈ తేడా మరింత స్పష్టం. దానం చేసిన రక్తం సాధారణంగా 35 నుంచి 42 రోజులకు మించి నిల్వ ఉండదు, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. నాయకుడి జన్మదినాన వందమంది ఒకేసారి ఇచ్చి, మండుటెండల్లో ఎవరూ రాకపోతే, రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవలసిన తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బున్న పిల్లలకు ఆ ఉత్సాహం అందదు. మగవారు 3 నెలలకు, ఆడవారు 4 నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు కనుక, పదిమంది స్నేహితులు నెలలు పంచుకుంటే చాలు.

క్రమం తప్పని చిన్న మొత్తాలు ఏం చేయగలవో అనంతపురానికి ఒకరు చెప్పనక్కర్లేదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడ మొదలుపెట్టిన సేవాసంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్)కి దశాబ్దాలుగా వెన్నెముకగా నిలిచింది స్పెయిన్‌లోని సామాన్య కుటుంబాలు ఒక్కో పిల్లవాడి పేరున క్రమంగా పంపిన సొమ్మే. వచ్చే ఏడాది ఎంత వస్తుందో దాదాపుగా తెలిసిన సంస్థే బత్తలపల్లిలో ఆసుపత్రి కట్టగలదు, నర్సును ధైర్యంగా నియమించుకోగలదు.

ఆపద చూసి అప్పటికప్పుడు ఇవ్వడం తప్పని నా ఉద్దేశం కాదు. 1866 నాటి కరువులో గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఈ నేల బిడ్డే. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డు పల్లెలు కొట్టుకుపోయినట్టే రేపు మరొకటి జరగవచ్చు, కాబట్టి ఏడాది దానంలో కొంత భాగాన్ని ఎవరికీ కేటాయించకుండా ఉంచుకోవడం కూడా ప్రణాళికే. జీతగాళ్లు నెలనెలా, వేరుశనగ రైతులు పంట అమ్మిన వారంలోనే ఆ భాగాన్ని తీసి వేరే ఖాతాలో వేస్తే సరిపోతుంది.

పన్ను సంగతీ ముందే చూసుకోవాలి. 80జి మినహాయింపుగా అందరికీ తెలిసిన వెసులుబాటు పాత పన్ను విధానంలో ఉన్నవారికే దక్కుతుంది, 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి వర్తించదు. మార్చి ఆఖరి వారంలో హడావుడిగా చెక్కు రాసేవారికి సంస్థ పనితీరు చూసే తీరిక, లెక్కలు అడిగే తీరిక ఉండవు. అలాగని రసీదు ఇచ్చే సంస్థకే మొత్తం ఇచ్చేయడమూ సరికాదు. కోసిగిలో మనవణ్ణి పెట్టుకుని ఉన్న అవ్వ ఏ రసీదూ ఇవ్వలేదు, పద్దులో ఆమెకూ ఒక వరుస ముందే రాసి ఉంచాలి.