శ్రీ బటన్‌దారు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ మడత చాకు గారి సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉన్నది గానీ ఈ పూట ఆ మాట అబద్ధమవుతుంది. నేను రెండు మోకాళ్లకూ నొప్పుల మందు రాసుకుని కుర్చీలో కూలబడి ఉన్నాను. తమరు ఆదివారం మధ్యాహ్నం నుంచి మా భోజనాల బల్ల మీద, పోయిన నెల క్యాలెండరు కాగితంపైన, పందొమ్మిది భాగాలుగా విడిపోయి పవళించి ఉన్నారు. తమరి విశ్రాంతికి భంగం కలగకూడదని ఈ నాలుగు రోజులుగా మేము నేల మీద కూర్చుని భోంచేస్తున్నాము. ఇరవయ్యో భాగం ఎక్కడ ఉన్నదో తమకు తెలుసునని నా గట్టి నమ్మకం. ఈ లేఖ దాని గురించే.

4,200 రూపాయలు పోసి తమరిని కొన్న రోజున నేను చూసినది ఒక్కటే, పిడి మీది ఆ శనగగింజంత బొత్తాం. దాన్ని నొక్కి మణికట్టును కాస్త వంచితే చాలు, అలుగు జారి పిడిలోకి ముడుచుకుంటుంది, వేలు దాని దారిలోకి రానక్కర్లేదు. మా నాన్నగారి కొయ్యపిడి చాకును మూస్తూ వేలు తెగ్గోసుకోనివాడు మా వంశంలో లేడు కనుక, ఇది నాకు నాగరికతలో ఒక మెట్టుగా కనబడింది. ఆ సుఖం వెనుక ఉన్న ఏర్పాటును నేను తరువాత తెలుసుకున్నాను. పిడి లోపల ఒక గుండ్రటి ఉక్కు మేకు ఉంటుంది. దాని లావు భాగం అలుగు మొదట్లో కోసిన గాడికి అడ్డుపడి నిలిస్తే తాళం పడినట్లు, బొత్తాం నొక్కినప్పుడు దాని సన్నటి మెడ ఆ గాడికి ఎదురుగా వస్తే దారి విడిచినట్లు. వేలు తీయగానే ఆ మేకును తిరిగి పైకి నెట్టి తాళం వేసేది అడుగున ఉన్న స్ప్రింగు. అంటే నా నాలుగు వేళ్ల క్షేమం వడ్లగింజంత స్ప్రింగు చేతిలో ఉన్నదన్న మాట. ఆ సంగతి తమరి పెట్టె మీద ఎక్కడా రాసి లేదు.

తమరికి ఈ దారు పదవి ఎలా వచ్చిందో కూడా చెప్పవలసి ఉన్నది. ఆఫీసు పని మీద ఢిల్లీ వెళ్లవలసి వచ్చి, తమరిని వెంట తీసుకుపోవచ్చునా అని వాకబు చేస్తే, అక్కడ 1980లో వచ్చిన ఒక నోటిఫికేషను బయటపడింది. స్ప్రింగుతో తెరుచుకునేవి, గరారీదార్‌లు అంటే పళ్లచక్రం ఉన్నవి, బటన్‌దార్‌లు అంటే బొత్తాం ఉన్నవి, ఇలాంటి చాకుల అలుగు 7.62 సెంటీమీటర్లూ ఆపైన పొడవు, 1.72 సెంటీమీటర్లూ ఆపైన వెడల్పు ఉంటే, వాటిని వెంటబెట్టుకుని తిరగడం ఆయుధాల చట్టం కింద నేరమట. తహసీల్దారు, జమీందారు, బటన్‌దారు! తమరి అలుగు 8.2 సెంటీమీటర్లు. నొక్కగానే ఎగిరి తెరుచుకునే రౌడీల చాకు బటను వేరు, తాళం విడిపించే తమరి బటను వేరు అని నాకు తెలుసును. కానీ ఆ తేడాను న్యూఢిల్లీ స్టేషనులో నిలబడి పోలీసు వారికి వివరించే భాగ్యం నాకు వద్దనిపించి, తమరిని బీరువాలో పెట్టి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి తమరు తుప్పు చుక్కలతో స్వాగతం పలికారు. తమరి అలుగు చేసిన డీ2 రకం ఉక్కులో 12 శాతం దాకా క్రోమియం ఉన్నా, అందులో చాలా భాగం కార్బన్‌తో జతకట్టి బిగుసుకుపోతుందనీ, తుప్పును ఆపడానికి మిగిలేది కొద్దేననీ అప్పుడు తెలిసింది. సరే, అదీ క్షమించాను. ఇరుసులో కొబ్బరినూనె వేస్తే జనవరి చలికి అది పేరుకుని తమరు మొండికేసిన సంగతిలో తప్పు నాదే. ప్యాంటు జేబు అంచును నెలకొకటి చొప్పున కొరికి తినే ఆ క్లిప్పు గురించి మా దర్జీ వేరే లేఖ రాస్తాడు.

ఇక అసలు విషయానికి వస్తాను.

పోయిన ఆదివారం పుల్ల మామిడికాయ కోసి ఉప్పూకారం అద్దుకుని తిన్నాము. తొడిమ దగ్గరి సొన తమరి ఇరుసులోకి దిగింది, వెనకే ఉప్పు, ఆపైన కారం. తమరి బొత్తాం లోపలికి వెళ్లి మళ్లీ పైకి రాలేదు. సబ్బు కలిపిన వేడినీళ్లలో ముంచి ఆడించినా సొన వదలలేదు. తమరి వెంట వచ్చిన కాగితం తీసి చూస్తే అందులో రెండు వాక్యాలు పక్కపక్కనే ఉన్నాయి: ఇరుసు వద్ద మురికి చేరకుండా తరచు శుభ్రపరచవలెను, విప్పినచో హామీ చెల్లదు. వంటిల్లు రోజూ కడగాలి గానీ గడప దాటకూడదన్నట్లున్నది ఈ ధర్మం. అయినా విప్పాను. ఇరుసు మరకు టీ8 సైజు స్క్రూడ్రైవరు, మిగిలిన వాటికి టీ6, అన్నీ నక్షత్రం మూతివి. ఇంట్లో ఉన్న ఏ స్క్రూడ్రైవరూ పనికిరాక 650 రూపాయలు పెట్టి ఒక డబ్బా కొనుక్కొచ్చాను. మరలకు జిగురు పూసి పంపినందుకు వాటిని జుట్టు ఆరబెట్టే మిషనుతో వేడి చేసి బతిమాలాను. అన్నీ వచ్చాయి. ఊపిరి బిగబట్టి పిడి పై రేకును ఎత్తాను.

కంటి కొసన ఏదో మెరిసింది. ఎక్కడో గోడకు తగిలి టింగుమని మోగింది. అంతే.

మా ఇంటిది మొజాయిక్ గచ్చు. నలుపు, తెలుపు, బూడిద రంగు రాతి ముక్కలు చల్లి నున్నగా అరగదీసిన ఆ గచ్చు మీద ప్రతి ముక్కా స్ప్రింగులాగే కనబడుతుంది, స్ప్రింగు మాత్రం కనబడదు. రెండున్నర నుంచి ఆరు గంటల దాకా మోకాళ్ల మీద, ఫోను టార్చి నేలకు ఆనించి, అరచేత్తో తడుముతూ హాలంతా పాకాను. మంచం కింద ఒక చెవిపోగు శీల, రెండు చింతగింజలు, చెల్లుబాటు కాని పావలా దొరికాయి. పాత స్పీకరులోని అయస్కాంతం దారానికి కట్టి సోఫా కింద తిప్పితే తలపిన్నులు మాత్రం వచ్చాయి. మా ఆవిడ వచ్చి ఏం వెతుకుతున్నారని అడిగింది. స్ప్రింగు అన్నాను. ఎంతుంటుంది అన్నది. వడ్లగింజంత అన్నాను. అదెందుకు అన్నది. తెరిచిన చాకు దానంతటది మూసుకోకుండా ఉండడానికి అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. కత్తిపీట వాల్చుకుని కూర్చుని మిగిలిన కాయలన్నీ పది నిమిషాల్లో తరిగేసింది. ఆ కత్తిపీట మా అత్తగారి నాటిది. దానికి స్ప్రింగు లేదు, బొత్తాం లేదు, హామీ కాగితం లేదు, దాన్ని చూసి ఢిల్లీ ఎన్నడూ భయపడలేదు.

తమరిని తయారు చేసిన కంపెనీ వారికి వినయంగా ఉత్తరం రాశాను. విడి భాగాలు విడిగా అమ్మబడవు అని జవాబు వచ్చింది. విడి భాగాలను విడిగా కాక మరెలా అమ్ముతారో వారికే తెలియాలి. మొత్తం చాకును పంపమన్నారు. కొరియరు కుర్రవాడు పెట్టెలో ఏమున్నదని అడిగి, చెప్పాక చేతులు వెనక్కి తీసుకున్నాడు. చివరికి బాల్‌పెన్ను స్ప్రింగును సగానికి కత్తిరించి పెట్టి చూశాను. మేకు సగం పైకి వచ్చి ఆగిపోయింది, అలుగు ఊడబోయే పాలపన్నులా ఊగింది. తాళం లేదని తెలిసిన చాకుతో జాగ్రత్తగానైనా ఉంటాము, తాళం పడినట్లు నటించే చాకుతో వేళ్లు పోతాయి. తీసేశాను.

ఇక తమరూ గిమరూ లేవు. ఏమనుకున్నావు నువ్వు? నా అరచేతిలో అంత బరువుగా, అంత నున్నగా కూర్చుని, ఉక్కు గొప్ప, పదును గొప్ప అని నమ్మించి, తీరా చూస్తే పావలా విలువ చేయని ఒక తీగ చుట్ట లేకపోతే నువ్వు ఎందుకూ కొరగాని ఇనుప ముక్కవా? నీకు రాళ్లు కొన్నాను, తోలు పట్టా కొన్నాను, ప్రతి శనివారం రాత్రి పదును పెట్టాను, మా అబ్బాయి లెక్కల పుస్తకం ఒక్కనాడైనా అంత శ్రద్ధగా చూడలేదు. అంత చేసిన నాకు, పెట్టెలో ఇంకొక్క స్ప్రింగు అదనంగా పడేయడానికి మీవాళ్లకు చేతులు రాలేదా? చొక్కాతో పాటు అదనపు గుండీ కుట్టి ఇస్తాడు రోడ్డు పక్క బట్టలమ్మేవాడు!

ఇట్లు,
నాలుగు రోజులుగా నేలచూపులు చూస్తున్న నీ యజమాని

తా.క. గురువారం ఉదయం. మా ఆవిడ ఆదివారం నాటి నా లుంగీని బకెట్లో జాడిస్తూ పిలిచింది. నడుము దగ్గర మడతలో నుంచి అది ఆమె అరచేతిలోకి జారింది. నేను హాలంతా పాకినంత సేపూ నాతోనే పాకిందన్న మాట. ఈసారి పెద్ద పాలిథిన్ సంచిలో రెండు చేతులూ, నిన్నూ పెట్టి బిగించాను. ఎగిరినా సంచి దాటి పోలేదు కదా. సొన తుడిచి, కుట్టుమిషను నూనె ఒక్క బొట్టు వేశాను. బొత్తాం నొక్కితే అలుగు తన బరువుకే జారి లోపలికి వెళ్లింది. మళ్లీ తెరిచాను, టక్కుమంది. మళ్లీ నొక్కాను. కాఫీ చల్లారిపోయిందని మా ఆవిడ రెండోసారి అరిచింది.