మార్కులు తగ్గిన పిల్లను మైకులో పేరు చదివి నిలబెట్టే హక్కు మీకెవరిచ్చారు?

ఈ రోజు మా అక్క కూతురి కాలేజీలో తల్లిదండ్రుల సమావేశం. అక్కకు సెలవు దొరకలేదు, బావగారు ఊళ్ళో లేరు, అందుకని నేను వెళ్ళాను. ఇంటికి వచ్చాక అన్నం సహించక ఇది రాయడానికి కూర్చున్నాను. కాలేజీ పేరు రాయను, పిల్ల ఇంకా అక్కడే చదవాలి. అయినా విజయవాడ చుట్టుపక్కల హాస్టళ్ళలో పిల్లల్ని పెట్టిన వాళ్ళకు పేరుతో పనేముంది, ఎక్కడైనా ఇదే వరస.

డీన్ గారు వేదిక ఎక్కి, మైకు రెండుసార్లు తట్టి, కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టారు. అక్కడ మార్కుల్ని బట్టి పిల్లల్ని పై సెక్షన్, కింది సెక్షన్ అని విడగొడతారు. ముందు పై సెక్షన్‌కు వెళ్ళిన పిల్లల పేర్లు. చప్పట్లు. ఆ తరవాత కింది సెక్షన్‌కు దిగిన వాళ్ళ పేర్లు. పేరు వినగానే ఆ పిల్ల లేచి నిలబడాలి, అమ్మానాన్నలు పక్కనే కూర్చుని ఉండగా. మా పిల్ల పేరు వచ్చింది. బైపీసీ మొదటి సంవత్సరం. మెడలోని ఐడీ కార్డు తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మళ్ళీ చుట్టుకుంటూ నిలబడింది. ఫిజిక్స్‌లో పోయిన నెల ఎంత, ఈ నెల ఎంత, కెమిస్ట్రీలో ఎంత పడిపోయింది, అంతా మైకులోనే. చివర్లో "శ్రద్ధ పోయింది, ఇంట్లో గట్టిగా చెప్పండి" అన్నారు. కూర్చోమని ఎవరూ చెప్పలేదు. తరవాతి పేరు చదివాక తనే కూర్చుంది. నా వైపు చూడలేదు.

సమావేశం అయ్యాక ఆయన గదికి వెళ్ళి, పిల్లకు ఏమైందో ఎవరైనా అడిగారా అన్నాను. "ఈ వయసులో మనసు పక్కదారి పడుతుందమ్మా, మీకు తెలియనిది కాదు. పైగా ఫోన్లు" అన్నారు. హాస్టల్లో ఫోను ఉండనివ్వరు. ఆదివారం పూట వార్డెన్ ఫోను నుంచి, వెనక వరసలో పదిమంది నిలబడి ఉండగా, అమ్మతో నాలుగు ముక్కలు మాట్లాడుతుంది ఆ పిల్ల. ఆ మాట అంటే, "ఇంటికి వచ్చినప్పుడు చూస్తుంది కదా" అని జవాబు. ఇంటికి వచ్చేది పండక్కి! దసరాకు నాలుగు రోజులు ఫోను చూస్తే నవంబరులో కెమిస్ట్రీ మార్కులు పోతాయా? ఆ "పక్కదారి" అన్న మాట ఉందే, అది నన్ను ఇంకా మండిస్తోంది. మగపిల్లాడికి మార్కులు తగ్గితే అల్లరి, ఆడపిల్లకు తగ్గితే నడవడి. పదహారేళ్ళ పిల్ల గురించి, ఆమె పిన్ని ముందు, ఏ ఆధారమూ లేకుండా అంత మాట అనేశారు.

అసలు సంగతి నేను చెబుతాను. దసరాకు వచ్చినప్పుడు మెట్లెక్కి ఆయాసపడుతుంటే అక్క రక్తపరీక్ష చేయించింది. హిమోగ్లోబిన్ 8.2. ఆ వయసు ఆడపిల్లకు కనీసం 12 ఉండాలి. నెలసరి వస్తే వారం రోజులు తగ్గదు, మొదటి రెండు రోజులు మంచం దిగలేదు. క్లాసు మధ్యలో లేవాలంటే అనుమతి అడగాలి, అడిగితే "ఇప్పుడే కదా విరామం ఇచ్చాం" అంటారని ఆ రోజుల్లో నీళ్ళు తాగడం మానేస్తుందట. ఈ మాట నాతో పక్క గదిలోకి పిలిచి, తలుపు వేసి చెప్పింది. ఒంట్లో రక్తం లేని పిల్లకు పాఠం మీద దృష్టి ఎక్కడి నుంచి వస్తుంది? ఇనుము తక్కువైతే నీరసం, తలనొప్పి, చదివింది బుర్రకెక్కకపోవడం, ఇవన్నీ వస్తాయని ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సును అడిగినా చెబుతుంది. ఇదేమీ మా ఇంట్లో వచ్చిన వింత రోగం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అంటే ఆ హాల్లో కూర్చున్న ఆడపిల్లల్లో సగం మందికి పైగానే ఉండవచ్చు. వాళ్ళ మార్కుల జాబితా నెలనెలా తయారవుతుంది. రక్తపరీక్ష ఏడాదికి ఒక్కసారైనా ఉందా? వారానికో ఐరన్ మాత్ర ఇవ్వాలన్న ప్రభుత్వ పథకం ఒకటి ఉందని వీళ్ళలో ఎందరికి తెలుసు? లక్షల్లో ఫీజు కడుతున్నాం, ఆకుకూర పప్పు నీళ్ళలా ఉంటుందని పిల్లలు చెబితే "సర్దుకో" అంటున్నాం.

ఇక నిద్ర. దీని గురించి మాట్లాడితే నాకు మాట తడబడుతుంది, అంత కోపం. ఉదయం అయిదింటికి గంట. స్నానాల గదుల దగ్గర వరస. ఆరింటికి స్టడీ అవర్. రాత్రి స్టడీ అవర్ ముగిసేసరికి పదిన్నర, పక్క మీద పడేసరికి పదకొండు దాటుతుంది. యుక్తవయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను చిన్నపిల్లల కంటే ఆలస్యంగా విడుదలవుతుంది, అందుకే ఈ వయసు పిల్లలకు రాత్రి తొందరగా నిద్ర పట్టదు, తెల్లవారుజామున మెలకువ రాదు. అది బద్ధకం కాదు, శరీరం తీరు. వీళ్ళకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. చదివింది గుర్తుండేలా మెదడు సర్దుకునేది ఆ నిద్రలోనే. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2014లోనే హైస్కూళ్ళు ఉదయం 8:30 కంటే ముందు మొదలుకాకూడదని చెప్పింది. కాలిఫోర్నియా 2019లో దాన్ని చట్టంగానే చేసి 2022 నుంచి అమలు చేస్తోంది. మన దగ్గర తెల్లారకముందే లేపడం క్రమశిక్షణ! ఆరు గంటలు కూడా పడుకోని పిల్ల ఉదయం మొదటి క్లాసులో కునికితే నిలబెట్టి చదివిస్తారు. నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నామని మా పిల్ల చెప్పింది. అది విని నవ్విన పెద్దవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు.

మగపిల్లల సంగతి ఎవరూ మాట్లాడరు, అది ఇంకా అన్యాయం. మా వీధిలో ఒక అబ్బాయి, తొమ్మిదో తరగతి దాకా క్లాసులో ఏ ప్రశ్న అడిగినా ముందు చేయెత్తేవాడు. గొంతు మారడం మొదలైంది. ఒక రోజు పద్యం అప్పజెబుతుంటే మధ్యలో గొంతు కీచుమంది. క్లాసంతా నవ్వింది. సరే, పిల్లలు నవ్వుతారు. మాస్టారు కూడా నవ్వి, "ఇంకోసారి చదవరా" అన్నారు. ఆ తరవాత వాడు చేయెత్తడం మానేశాడు. సందేహం వస్తే అడగడు, తెలిసినా చెప్పడు. పదో తరగతిలో లెక్కల్లో వెనకబడ్డాడు. వాళ్ళ నాన్న వాడికి ట్యూషన్లు మార్చారు, గైడ్లు కొన్నారు. వాడికి కావలసింది గైడు కాదు. "ఇది అందరికీ వస్తుంది, నాకూ వచ్చింది, కొన్నాళ్ళకు సర్దుకుంటుంది" అని ఒక్క మగవాడు చెప్పి ఉంటే చాలు. ఒక్కడూ చెప్పలేదు.

చెప్పరు కదా! పాఠం చెప్పాల్సిన వాళ్ళే చెప్పలేదు. ఎనిమిదో తరగతి పుస్తకంలో కౌమార దశ గురించి పాఠమే ఉంది. గొంతు ఎందుకు మారుతుంది, మొటిమలు ఎందుకు వస్తాయి, కోపం, ఏడుపు ఎందుకు ముంచుకొస్తాయి, అన్నీ అచ్చులో ఉన్నాయి. మా బడిలో ఆ పేజీలు వచ్చినప్పుడు టీచరు "ఇది మీరే చదువుకోండి" అని దాటేశారు. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు ఆడపిల్లల్ని ఒక పక్కకు, మగపిల్లల్ని ఒక పక్కకు కూర్చోబెట్టి, బొమ్మ వేయడం నేర్పి, అర్థం చెప్పకుండా వదిలేశారు. అయిదు మార్కుల ప్రశ్నకు బొమ్మ చాలట. నేను చదువు ముగించి ఇన్నేళ్ళయినా ఆ టీచరు మీద కోపం నాకు పోలేదు. ఎందుకంటే మొదటిసారి నెలసరి వచ్చినప్పుడు నాకేదో ప్రాణం మీదికి వచ్చే జబ్బు చేసిందనుకుని రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఏడ్చాను. ఇప్పుడు మా అక్క కూతురి తరం. పుస్తకాలు మారాయి, ప్రభుత్వాలు మారాయి, ఆ పాఠం దాటేయడం మాత్రం అలాగే ఉంది. మా పిల్లకు కూడా దాటేశారట. రేపు డాక్టరు కావాలని బైపీసీలో చేర్చిన పిల్లకు తన శరీరం గురించి ఉన్న పాఠం చెప్పలేదు!

సరే, కాలేజీల దగ్గరికి వస్తాను. "ఇవన్నీ వినడానికి బాగుంటాయి, పోటీ లోకంలో కుదరవు" అని ఇప్పటికే ఎవరో వ్యాఖ్య రాయడానికి సిద్ధంగా ఉంటారు. వాళ్ళ కోసం చెబుతున్నాను. 2023 జులైలో మన విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. ఆ తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2025 జులై 25న కోర్టు ఆ కేసులో తీర్పు ఇస్తూ దేశం మొత్తానికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, మానసిక నిపుణుడో, సామాజిక కార్యకర్తో ఒకరైనా ఉండాలి. వీలైనంత వరకు మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు. నలుగురిలో అవమానించకూడదు. శక్తికి మించిన లక్ష్యాలు పెట్టకూడదు. చట్టం వచ్చేదాకా ఇవే చట్టంతో సమానమని కూడా కోర్టు చెప్పింది. ఆ తీర్పు పుట్టింది మన రాష్ట్రంలో జరిగిన ఘోరం నుంచి. ఆ రాష్ట్రంలోనే ఈ రోజు డీన్ గారు మైకు పట్టుకుని పై సెక్షన్, కింది సెక్షన్ అని పేర్లు చదివారు. హాల్లో వందలమంది తల్లిదండ్రులం. ఒక్కరం లేచి "ఇది కోర్టు వద్దన్న పని కదండీ" అనలేదు. చప్పట్లు మాత్రం బాగా మోగాయి.

కౌన్సెలర్ ఎవరని గదిలో అడిగాను. "మా ఫ్లోర్ ఇన్‌చార్జే చూసుకుంటారు" అన్నారు. ఫ్లోర్ ఇన్‌చార్జి అంటే రాత్రి లైట్లు ఆర్పించి, తెల్లవారి తలుపులు కొట్టే మనిషి. పిల్ల తన బాధ ఆవిడకు చెప్పుకోవాలా?

మార్కుల జాబితా అంటే దేవుడి రాతలా నమ్మే వాళ్ళకు ఇంకో మాట. నాకు 2019 ఏప్రిల్ ఇంకా మరపు రాలేదు. తెలంగాణ ఇంటర్ ఫలితాలు. పరీక్ష రాసిన వాళ్ళకు రాయలేదని వచ్చింది, 99 మార్కులు రావలసిన అమ్మాయికి సున్నా పడింది. ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పినవాళ్ళ పత్రాలన్నీ మళ్ళీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. కంప్యూటర్లో తప్పు, దిద్దడంలో తప్పు, కానీ ఆ కొద్ది రోజులూ ఆ ఇళ్ళలో తిట్లు ఎవరు తిన్నారు? పిల్లలు. "నువ్వు సరిగ్గా రాసి ఉండవు" అన్నది ఎవరు? మనం. ఎక్కడ తప్పు జరిగినా ముందు పిల్లనే నిలబెట్టడం మనకు అలవాటైపోయింది. ఫలితాలు వచ్చిన మర్నాడు టీవీల్లో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని ర్యాంకులు అరిచే ప్రకటనలు వింటూ పెరిగిన వాళ్ళం కదా. ఆ ర్యాంకులు రాని లక్షల మంది ఏమయ్యారో ఆ ప్రకటనలో ఎప్పుడైనా చెప్పారా?

సాయంత్రం అక్కకు ఫోను చేసి అంతా చెప్పాను. ఏడ్చింది. డాక్టరు రాసిన మందుల చీటీ, రక్తపరీక్ష కాగితం జతచేసి ప్రిన్సిపాలుకు ఉత్తరం రాద్దామంటే మాత్రం భయపడుతోంది. "వాళ్ళు మనసులో పెట్టుకుంటారే, వచ్చే ఏడు ప్రాక్టికల్ పరీక్షలుంటాయి" అంటోంది. కట్టిన ఫీజు మనది, కన్నపిల్ల మనది, అయినా భయం మనకే. నాకు ఆ భయం లేదు. ఉత్తరం నేనే రాశాను. కౌన్సెలర్ పేరు, అర్హత ఏమిటో రాతపూర్వకంగా చెప్పమన్నాను. సెక్షన్ల జాబితా మైకులో చదవడం ఆపమన్నాను. నెలసరి రోజుల్లో ఆడపిల్లలు అడగకుండా లేచి వెళ్ళే వీలు ఇవ్వమన్నాను. కోర్టు తీర్పు ప్రతి జతచేశాను. రేపు పొద్దున్నే అక్క సంతకం చేయించి, నేనే తీసుకెళ్ళి ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకుని వస్తాను.

మీ పిల్లల హాస్టల్లోనూ ఇదే జరుగుతుంటే ఆ ఉత్తరం నమూనా అడగండి, పంపుతాను. పేరు మార్చుకుని వాడుకోండి. ఈ లోపు మీ ఇంట్లో ఏ పిల్లయినా మాట్లాడడం తగ్గించి, తిండి తగ్గించి, ఊరికే ఏడుస్తుంటే మార్కుల సంగతి పక్కన పెట్టి డాక్టరుకు చూపించండి. 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. ఆ నంబరు పిల్లలకూ ఇవ్వండి. వార్డెన్ ఫోను నుంచి ఎలా చేస్తారని అడిగితే నా దగ్గర జవాబు లేదు, అందుకే దాన్ని కూడా ఉత్తరంలో నాలుగో కోరికగా ఇప్పుడే చేర్చాను.