తాళం పడిన టౌన్‌హాలు

ఢిల్లీ చాందినీ చౌక్‌లోని పసుపు రంగు టౌన్‌హాలు 1866 నుంచి దాదాపు 140 ఏళ్లు నగర పాలనకు నెలవు. ఎదుట ఒకప్పుడు విక్టోరియా రాణి విగ్రహం ఉండేది, ఇప్పుడు స్వామి శ్రద్ధానంద విగ్రహం ఉంది. 2010 ప్రాంతంలో కార్పొరేషన్ సివిక్ సెంటర్‌కు తరలిపోయింది. ఆ తర్వాత హెరిటేజ్ హోటల్ అన్నారు, మ్యూజియం అన్నారు. 2021లో ఆ వీధిని పాదచారుల కోసం తీర్చిదిద్దే నాటికి కూడా భవనానికి కుదురైన ఉపయోగం దొరకలేదు.

లండన్ కౌంటీ హాల్ కథ వేరు. 1986లో నగర కౌన్సిల్ రద్దయ్యాక జపాన్ సంస్థకు అమ్మేశారు. ఇప్పుడందులో హోటళ్లు, అక్వేరియం ఉన్నాయి. కౌన్సిలర్లు వాదులాడుకున్న సభామందిరంలో 2017 నుంచి కోర్టు నాటకం ఆడుతున్నారు. ప్రజల సొత్తును అలా అమ్మేయడం మాకు నచ్చదు. కానీ మనుషులు మసలే భవనంలో కప్పు కారితే ఆ రోజే తెలుస్తుంది.

మన పట్టణాల్లో గానుగ సున్నంతో కట్టిన పాత మున్సిపల్ ఆఫీసులది ఢిల్లీ దారే. చాలావాటికి మద్రాసు టెర్రస్ మిద్దె: టేకు దూలాలపై నిలువుగా పేర్చిన సన్నిటుకలు, వాటిపై సున్నపు కాంక్రీటు. తాళం పడగానే ముందు మిద్దె మీది తూము ఆకులతో పూడుతుంది, పక్కనే రావి మొక్క లేస్తుంది. నిలిచిన నీరు గోడలోకి దిగి, అందులో కూరుకున్న దూలం కొసను కుళ్లబెడుతుంది. అది పైకి కనబడదు. కారుతోందని కాంట్రాక్టరు పైన మరో పది సెంటీమీటర్ల ఇటుకముక్కల కాంక్రీటు పోస్తాడు. అంటే చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు, ఆ కుళ్లిన కొస మీదే! గోడలకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక సున్నం పొడిపొడిగా రాలుతుంది. అక్కడ మళ్లీ సున్నమే పూయాలి.

కొత్త వాడకం గదులను బట్టి ఉండాలి. కౌన్సిల్ హాలు పఠన మందిరానికి సరిగ్గా సరిపోతుంది. పుస్తకాల బీరువాలు మాత్రం కింది అంతస్తులోనే పెట్టాలి. మరుగుదొడ్లు, క్యాంటీన్ పెరట్లో విడిగా కట్టాలి. పాత గోడల్లో నీళ్ల పైపు దూర్చితే మళ్లీ చెమ్మే.

ఆఫీసు తరలింపు తీర్మానంలోనే పాత భవనం ఎవరికి, దేనికి అన్నది రాయాలి. తాళంచెవి పుచ్చుకునే అధికారి హోదా, కాపలాదారు జీతం, మే నెలలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి తూముల పూడిక తీయించే ఖర్చు కూడా అందులో ఉండాలి. ఆ పద్దులు లేని తీర్మానాన్ని కౌన్సిల్ వెనక్కి పంపాలి.