దిండు కింద వేడి

మొన్న చుట్టాలింట్లో ఒక పెద్దావిడ అందరి ముందూ మా వాడి బుగ్గ గిల్లి, "ఏం పెడుతున్నావే తల్లీ వీడికి, ఇలా ఒళ్ళు చేశాడు?" అంది. నవ్వుతూనే అందిలెండి. పదకొండేళ్ళ పిల్లాడు చొక్కా కిందికి లాక్కుంటూ నా వెనక్కి జరిగాడు. ఇంటికొచ్చే దారంతా నోరు విప్పలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర నేనూ తక్కువేం తినలేదు, వాడు రెండోసారి వడ్డించుకోబోతుంటే "చాల్లే, ఇంక లే" అనేశాను.

అదే రాత్రి పదకొండున్నరకి మంచినీళ్ళకని లేచి వాడి గదిలోకి తొంగిచూశాను. ముసుగు తన్ని పడుకున్నాడు. దుప్పటి మాత్రం లోపల్నుంచి నీలంగా వెలుగుతోంది. తలుపు చప్పుడుకి ఆరిపోయింది. వెంటనే గురక మొదలెట్టాడు, అవసరమైనదానికంటే కాస్త ఎక్కువే. దిండు కింద చెయ్యి పెడితే ఫోన్ కాలిపోతోంది. ఎంతసేపట్నుంచి చూస్తున్నాడో వాణ్ణి అడగక్కర్లేకపోయింది.

తొమ్మిదిన్నరకి పడుకోబెడుతున్నాం కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. కానీ పన్నెండుకి పడుకుని ఆరింటికి లేస్తే ఆరు గంటలే. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లోనే చెప్పింది. అంటే తక్కువలో తక్కువ లెక్కేసినా రోజుకి మూడు గంటలు లోటు. బడి ఉన్న అయిదు రోజులకి పదిహేను గంటలు! వాడి కంచంలో ముద్దలు లెక్కపెట్టిన నేను ఈ లెక్క ఒక్కసారీ వెయ్యలేదు.

నిద్రకీ ఒంటికీ ఏం సంబంధం అంటారేమో. చాలా ఉంది. కడుపు నిండిందని మెదడుకి చెప్పేది లెప్టిన్, ఆకలేస్తోందని చెప్పేది గ్రెలిన్. 2004లో షికాగో విశ్వవిద్యాలయంవాళ్ళు ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళని వరసగా రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పది గంటలు పడుకోనిచ్చినప్పటితో పోలిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. వాళ్ళు పెద్దవాళ్ళు కదా అనుకుంటే, 2013లో పిల్లల మీద ఒక చిన్న ప్రయోగం వచ్చింది. 8 నుంచి 11 ఏళ్ళ పిల్లలు 37 మంది. ఒక వారం మామూలు కంటే గంటన్నర ఎక్కువసేపు మంచం మీద ఉంచారు, ఇంకో వారం గంటన్నర తగ్గించారు. ఎక్కువ పడుకున్న వారం పిల్లలు రోజుకి సగటున 134 కేలరీలు తక్కువ తిన్నారు. ఎవరూ చాల్లే లే అనలేదు, వాళ్ళకే చాలనిపించింది.

బడి నుంచి రాగానే బ్యాగు విసిరేసి డబ్బాలన్నీ వెతికే మా వాడు అప్పుడు గుర్తొచ్చాడు. దాన్ని నేను తిండిపోతుతనం అన్నాను.

ఇక పడగ్గదిలో ఫోన్ల సంగతి. కెనడాలోని ఆల్బర్టాలో అయిదో తరగతి పిల్లల్ని సుమారు 3,400 మందిని పరిశీలించారు. గదిలో టీవీ, కంప్యూటర్, ఫోన్ లాంటివి ఉన్నవాళ్ళు తక్కువ పడుకుంటున్నారు, వాళ్ళలోనే అధిక బరువూ ఎక్కువగా కనిపించింది. ఇది రుజువు కాదు, సంబంధం మాత్రమే, ఒప్పుకుంటాను. లావుగా ఉన్నందుకు ఆటల్లో చేర్చుకోకపోతే ఫోన్‌లోకి దూరే పిల్లలూ ఉంటారు. ఏది ముందో తేలేదాకా ఫోన్ మాత్రం దిండు కింద ఉండక్కర్లేదు.

"నైట్ మోడ్ పెట్టాంగా" అనేవాళ్ళకి ఒక మాట. వెలుతురు సంగతి నిజమే. రాత్రిపూట వెలుతురు నిద్ర తెప్పించే మెలటోనిన్‌ని అణిచేస్తుంది, పిల్లల కంటిపాపలు పెద్దవి కాబట్టి వాళ్ళకి ఇంకా ఎక్కువ. కానీ తెర పసుపు రంగులోకి మారితే తర్వాతి వీడియో దానంతటదే మొదలవడం ఆగుతుందా? నలభై దాటిన నేనే ఆపలేను. పదకొండేళ్ళ వాడు ఆపలేదని వాడికి క్రమశిక్షణ లేదంటాం!

బడివాళ్ళకీ ఒక దండం. హోంవర్క్ రాత్రి తొమ్మిదికి గ్రూపులో పెడతారు. పిల్లాడి చేతికి ఫోన్ ఇచ్చేది మనమే, ఇప్పించేది వాళ్ళు. మళ్ళీ పేరెంట్స్ మీటింగులో ఫోన్ వాడకం తగ్గించండి అని గంటసేపు హితబోధ.

మేం చేసింది గొప్ప పనేం కాదు. హాల్లో ఒక చెప్పుల డబ్బా, అట్టదే, పెట్టాం. తొమ్మిదికల్లా అన్ని ఫోన్లూ అందులోకి. "మరి అలారం?" అని వాడు ఆఖరి అస్త్రం వేస్తే, ముళ్ళ గడియారం కొన్నాను. మొదటి నాలుగు రోజులూ ఇల్లు యుద్ధభూమే. వాళ్ళ నాన్న "ఆఫీస్ కాల్ వస్తుందేమో" అని డబ్బా చుట్టూ తిరగడం చూడాలి మీరు, పిల్లాడే నయం. మూడు వారాలైంది. బరువు తగ్గాడా అంటే, చూడలేదు, చూడను కూడా. బ్రష్ నోట్లో పెట్టుకుని గోడకి ఆనుకుని నిద్రపోవడం మాత్రం మానేశాడు. పొద్దున్న తిని వెళ్తున్నాడు. డబ్బాల వేట కొంచెం తగ్గింది.

నిన్న తొమ్మిదిన్నరకి చెప్పుల డబ్బా బుర్రుమంది. మళ్ళీ బడి గ్రూపే అయుంటుంది. చప్పుడు కాకుండా లేచి మూత మీద చెయ్యి వేశాను.

"అమ్మా, నాకు వినపడుతోంది" అన్నాడు లోపల్నుంచి.