సరిహద్దు అవతల కొన్న లాప్‌టాప్, ఊళ్లోనే ఉన్న వినియోగదారుల కమిషన్

"కంపెనీ వారంటీ ఎప్పుడో అయిపోయింది బాబూ. మేమిచ్చిన టెస్టింగ్ వారం రోజులే. కౌంటర్ దాటాక మాకేటి సంబంధం? అయినా మీరు ఒడిశా వాళ్లు కదా, కేసు వేస్తే ఎక్కడ వేస్తారు?"

పర్లాకిమిడిలో ఉండే మా మేనల్లుడికి శ్రీకాకుళం జిల్లాలోని ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌ల దుకాణంలో ఎదురైన మాటలివి. వాడు డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు ఇంటి దగ్గరే డీటీపీ పని చేసుకుంటాడు. యూపీఐలో 18,000 రూపాయలు కట్టి లాప్‌టాప్ తెచ్చుకున్నాడు. 41వ రోజు స్క్రీన్ నల్లబడింది. మళ్లీ వెలగలేదు.

మా వైపు ఇలాంటివి కొత్త కాదు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్లడానికి ఆటో చాలు. టెక్కలి, శ్రీకాకుళం, విశాఖ మాకు వేరే రాష్ట్రంలా ఎప్పుడూ అనిపించవు. పెళ్లి బట్టలకైనా, పెద్ద డాక్టరు దగ్గరికైనా అటే వెళతాం. ఇచ్ఛాపురం వాళ్లు బరంపురం బజారుకు వెళ్లినట్టే. కొనేటప్పుడు మనకు గుర్తురాని సరిహద్దును, వస్తువు పాడయ్యాక దుకాణందారే గుర్తుచేస్తాడు.

ఆయన మాటల్లో రెండు తప్పులున్నాయి. రెండూ మనం కూడా నమ్మేవే కాబట్టి అంత ధీమాగా అనగలిగాడు.

మొదటిది వారంటీ గురించి. వారంటీ అంటే కంపెనీ తన సరుకు మీద ఇచ్చుకునే హామీ. ఏడాదా, రెండేళ్లా అన్నది కంపెనీ ఇష్టం. ఆ గడువు దాటితే సర్వీస్ సెంటర్‌లో ఊరికే బాగుచేయరు, అంతవరకే. మన చేతి డబ్బు తీసుకుని వస్తువు అమ్మినవాడి బాధ్యత వేరే లెక్క. దానికి 1930 నుంచీ సరుకుల అమ్మకం చట్టం ఉంది. ఫలానా పనికి కావాలని చెప్పి, ఆ వ్యాపారంలో ఉన్నవాడి అనుభవాన్ని నమ్మి కొంటే, అమ్మిన వస్తువు ఆ పనికి పనికిరావాలి. ఇలాంటిదని చెప్పి అమ్మిన సరుకు, ఆ పేరుతో అమ్మదగిన నాణ్యతతో ఉండాలి. సెక్షన్ 16 చెప్పేది స్థూలంగా ఇదే. కాగితం మీద రాసుకోకపోయినా ఈ షరతులు ఉన్నట్టే లెక్క. కొత్త సరుకుకు ఒక న్యాయం, పాత సరుకుకు ఇంకో న్యాయం అని ఆ చట్టంలో లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనూ లేదు.

అలాగని పాత వస్తువు కొత్తదానిలా పనిచేయాలని ఎవరూ అడగలేరు. నాలుగేళ్లు వాడిన లాప్‌టాప్ బ్యాటరీ గంటన్నరకే దిగిపోతే అది లోపం కాదు, వయసు. లిథియం అయాన్ బ్యాటరీ కొన్ని వందల ఛార్జింగుల తర్వాత నీరసించడం మామూలే. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి ఉంటే అది మనకు కౌంటర్ దగ్గరే కనిపిస్తుంది. చూసి కొన్న వస్తువులో, చూస్తే తెలిసిపోయే లోపాన్ని తర్వాత ఎత్తిచూపడానికి 1930 చట్టం కూడా ఒప్పుకోదు. అసలు గొడవ చూసినా తెలియని లోపంతోనే.

ఉదాహరణకు రీబాలింగ్. మదర్‌బోర్డు మీద చిప్ కింద సన్నని సీసపు గుండ్ల లాంటి టంకం చుక్కలుంటాయి. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ అవి చిట్లుతాయి. బోర్డు డెడ్ అవుతుంది. రిపేరు చేసేవాళ్లు ఆ చిప్‌ను వేడిచేసి ఊడదీసి, కొత్త టంకం గుండ్లు పెట్టి మళ్లీ అతికిస్తారు. పద్ధతిగా చేస్తే చాలాకాలం పనిచేస్తుంది. అంత ఓపిక లేనివాళ్లు పైనుంచి హీట్ గన్‌తో కాసేపు వేడి కొట్టి వదిలేస్తారు. అలాంటి బోర్డు కొన్ని వారాలు బాగానే నడిచి, మళ్లీ చస్తుంది. వారం రోజుల టెస్టింగ్ ఎవరికి లాభమో ఇక్కడే తెలుస్తుంది. మా వాడి లాప్‌టాప్‌ను బరంపురంలో ఇంకో మెకానిక్ విప్పి చూస్తే, గ్రాఫిక్స్ చిప్ చుట్టూ టంకం పెట్టేటప్పుడు వాడే ఫ్లక్స్ మరకలు, కాలిన గుర్తులు ఉన్నాయి. దుకాణంలో చెప్పిన మాటేమో, "బోర్డు ఒరిజినల్, ఎవరూ విప్పలేదు" అని.

కేసంతా ఆ ఒక్క మాట మీదే నిలుస్తుంది. 2019 చట్టం లోపానికి ఇచ్చిన నిర్వచనంలో, వ్యాపారి ఏ రకంగానైనా సరే ఇలా ఉంటుందని చెప్పిన ప్రమాణానికి వస్తువు తక్కువైతే అదీ లోపమే. నోటితో చెప్పినా, వాట్సాప్‌లో రాసినా, దుకాణం ముందు బోర్డు పెట్టినా సరే. కాబట్టి అడగాల్సింది వారంటీ ఉందా లేదా అని కాదు. పాడవడానికి కారణమైన లోపం అమ్మిన రోజుకే ఉందా, అమ్మినవాడు దాని గురించి ఏం చెప్పాడు? ఈ రెండే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు కూడా లోపమున్న సరుకుకు రక్షణ కాదు. అలాంటి సరుకును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడాన్ని చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలోనే చేర్చింది. బాగుచేసిన, రంగులద్దిన పాత సరుకును కొత్తదని అమ్మడం కూడా అదే జాబితాలో ఉంది.

ఒక చిన్న మెలిక ఉంది. ఇద్దరూ ఒప్పుకుంటే 1930 చట్టంలోని ఆ రాయని షరతులను పక్కన పెట్టుకోవచ్చు. అందుకే "ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నాను" అని రాసిన రసీదు మీద సంతకం అడిగితే, ధర కూడా దానికి తగ్గట్టే అడగాలి. తెలిసి దాచిన లోపాన్ని మాత్రం ఆ సంతకం కాపాడదు. అది మోసం కిందికి వస్తుంది.

ఇక బిల్లు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు పోరాటం చేసిన ఊరు మాది. నోటి మాట మీద మాకు గౌరవం ఎక్కువే, కాగితం అడగడానికే మొహమాటం. మా వాడూ బిల్లు అడిగాడు. "బిల్లయితే 18 శాతం ఎక్స్‌ట్రా" అన్నారు, ఊరుకున్నాడు. ఇందులోనూ సగమే నిజం. పాత సరుకు కొని అమ్మే రిజిస్టర్డ్ వ్యాపారి, కొన్నప్పుడు కట్టిన పన్నుకు క్రెడిట్ (తాను కట్టాల్సిన పన్నులో తగ్గింపు) తీసుకోకపోతే, మొత్తం ధర మీద కాకుండా కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదే జీఎస్టీ కట్టే వీలు నిబంధనల్లో ఉంది. నాలుగు వేలు మిగిలిన బేరానికి పద్దెనిమిది వేల మీద పన్ను చెప్పి భయపెట్టనక్కర్లేదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లు లేనంత మాత్రాన కేసు పోదు. యూపీఐ చెల్లింపు వివరం, బేరం నాటి వాట్సాప్ సందేశాలు, రెండో మెకానిక్ రాసిచ్చిన జాబ్ కార్డు, ఇవన్నీ సాక్ష్యాలే. కానీ బిల్లు మీద సీరియల్ నంబర్ ఉంటే, "ఇది మేం అమ్మిన మెషీనే కాదు" అనే మాట పుట్టదు. ఫోనయితే ఇంకో పని కూడా ఉంది. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే వచ్చే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబరును, ముందు కేవైఎం అని రాసి, 14422కు మెసేజ్ చేస్తే ఆ ఫోన్ వివరాలు వస్తాయి. దొంగ ఫోన్ అని తేలితే వారంటీ గురించి మాట్లాడుకునే అవకాశం కూడా ఉండదు.

రెండో తప్పు సరిహద్దు గురించి. ఒకప్పుడు ఆ దుకాణందారు అన్నది చాలావరకు నిజమే. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద అమ్మినవాడు ఉన్నచోటనో, వ్యవహారం జరిగినచోటనో కేసు వేయాలి. పర్లాకిమిడి వాడు శ్రీకాకుళం వెళ్లి వాయిదాల చుట్టూ తిరగాలి. బస్సు ఛార్జీలు, పోయిన పని దినాలు లెక్కేస్తే వస్తువు ధర దాటేది. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన 2019 చట్టం దీన్ని మార్చింది. కొన్నవాడు తాను నివసించే చోట, లేదా పనిచేసుకునే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చని సెక్షన్ 34 చెబుతోంది. గజపతి జిల్లా కమిషన్ పర్లాకిమిడిలోనే ఉంది. జనం ఇంకా పాత అలవాటు కొద్దీ ఫోరం అంటారు. శ్రీకాకుళం దుకాణందారే ఇటు రావాలి. ఈ ఒక్క మార్పు సరిహద్దు జిల్లాలకు చేసిన మేలు ఇంకెవరికీ చేసి ఉండదని నా అభిప్రాయం. ఈ సంగతి తెలిసినవాళ్లు మాత్రం నాకు పెద్దగా తగల్లేదు.

అన్నిచోట్లా ఇది ఇంత సులువు కాదు. మహారాష్ట్ర వైపు సిరొంచ తీసుకోండి. తెలుగు ఇంటింటా వినిపించే ఊరు. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, తెలంగాణ. వాళ్ల జిల్లా కేంద్రం గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు. మంచిర్యాలలో ఫోన్ కొన్న సిరొంచ మనిషికి "నీ జిల్లాలోనే కేసు వేసుకో" అనడం వరమో శిక్షో చెప్పలేం. అలాంటివాళ్లు పాత దారిలోనే, అమ్మినవాడి జిల్లాలోనూ వేయొచ్చు. ఎంచుకునే హక్కు కొన్నవాడిది. వీడియోలో విచారణ కోరే వీలు కూడా చట్టంలో ఉంది, కమిషన్ ఒప్పుకోవాలి.

ఖర్చు భయం అక్కర్లేదు. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫిర్యాదు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన రెండేళ్ల లోపు వేయాలి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారానూ వేయొచ్చు. మూడు నెలల్లో, వస్తువును పరీక్షకు పంపాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది గానీ, చాలా కేసులు ఆ గడువు దాటిపోతాయి. ఆ టెన్షన్ వద్దనుకుంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. తెలుగు, ఒడియా, మరాఠీతో సహా 17 భాషల్లో మాట్లాడతారు. పెద్ద కంపెనీలు ఆ ఫోన్‌కు కదులుతాయి. వీధి చివరి దుకాణం కదలాలని లేదు, ఎందుకంటే హెల్ప్‌లైన్ వాళ్లు ఆదేశాలు ఇవ్వలేరు.

"నీ మేనల్లుడు దాని మీద డబ్బు సంపాదిస్తున్నాడు, వాడు వినియోగదారుడే కాదు" అని ఒక స్నేహితుడు వాదించాడు. వ్యాపారం కోసం కొంటే చట్టం వర్తించని మాట నిజమే. కానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్న వస్తువుకు అదే నిర్వచనంలో మినహాయింపు ఉంది. అసలైన గండి వేరేచోట ఉంది. ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి, ముక్కూమొహం తెలియని ఒక వ్యక్తి దగ్గర కొంటే, ఆయన వ్యాపారి కాదు. వినియోగదారుల కమిషన్ దారి అక్కడ దాదాపు మూసుకుపోతుంది. మిగిలేది సివిల్ కోర్టు, మోసమైతే పోలీస్ స్టేషన్. అంచేత వెయ్యి రూపాయలు ఎక్కువైనా దుకాణంలోనే కొనమంటాను.

దుకాణందార్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. వీళ్లలో చాలామంది హైదరాబాద్, బెంగళూరుల నుంచి లాట్‌గా సరుకు తెస్తారు. కంపెనీలు వాడి వదిలేసిన వందల మెషీన్లలో ఏది విప్పిందో, ఏది విప్పనిదో వాళ్లకూ సరిగా తెలియదు. తెలియకపోవడం నేరం కాదు. తెలియనప్పుడు "ఎవరూ విప్పలేదు" అని ఒట్టేసి చెప్పడం ఎందుకు? "బోర్డు రిపేరైంది, మూడు నెలలు మాది పూచీ" అని రాసిచ్చి రెండు వేలు తగ్గించి అమ్మితే కొనేవాళ్లు లేకపోరు.

మా వాడు కేసు దాకా వెళ్లలేదు. జాబ్ కార్డు, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు జతచేసి, పర్లాకిమిడి కమిషన్‌లో ఫిర్యాదు చేయబోతున్నానని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాడు. పది రోజులకు అటునుంచి ఫోన్ వచ్చింది. వెళితే బోర్డు మార్చి ఇచ్చారు. మార్చినట్టు సీరియల్ నంబర్‌తో రాసి ఇవ్వమంటే మాత్రం, "పని అయిపోయింది కదా బాబూ, మళ్లీ కాగితం దేనికి?" అన్నారట. రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేసేదాకా వాడు కౌంటర్ దగ్గరే నిలబడ్డాడు. ఆ రాత్రి పాతపట్నం మీదుగా వచ్చే ఆఖరి బస్సు తప్పిపోయింది.