రెండు నెలలు ఒక్క బొమ్మా రాలేదు

ఫోను పక్కన పెట్టి చెట్ల మధ్య నాలుగు రోజులుంటే ఆలోచనలు వాటంతటవే వస్తాయని మీ వ్యాసంలో రాశారు. నాకలా జరగలేదండి. ఉద్యోగం మానేసి నెల్లూరు జిల్లాలోని మా ఊరికొచ్చాక 2 నెలలు ఒక్క బొమ్మ వేస్తే ఒట్టు, ఉత్త టెన్షనే. (దోమల సంగతి మీరు రాయనే లేదు!) ఒకరోజు ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్ల దగ్గర కూర్చున్నా. ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిన పని అది. ఒకామె నార్ది అనే చెట్టు కర్రను ఆకురాయితో రాస్తూ, చారలు ఎటు పోతే చెయ్యి అటే తిప్పుతోంది. చూస్తుండగానే పిడి చివర చేప తేలింది. ఇంటికొచ్చి మా వేపచెట్టు బెరడు ముందు పెన్సిల్ పట్టుకున్నా. ఇప్పుడు రోజుకో బొమ్మ. డబ్బులే తక్కువ, మా ఆవిడ గుర్తు చేస్తూనే ఉంటుంది.