ఎయిర్ ఇండియాని ముంచింది కువైట్ వెళ్ళే అక్కలట!

మళ్ళీ వచ్చింది. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, పాలకొల్లు చుట్టాల గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఒకే పొద్దున. "ఎయిర్ ఇండియా ఎందుకు మునిగింది? అయిదు చేదు నిజాలు. అసలైన భారతీయుడివైతే పది మందికి పంపు." పంపినవాళ్ళంతా చదువుకున్నవాళ్ళే, అదీ బాధ.

ఒకటో నిజం: 1953లో జాతీయం చేసి, దాన్ని మొదలుపెట్టిన జె.ఆర్.డి. టాటాని అదే రోజు మెడపట్టి గెంటేశారట. జాతీయం చేయడం ఆయనకి ఇష్టం లేని మాట నిజమే. కానీ ఆ తర్వాత పాతికేళ్ళు చైర్మన్ కుర్చీలో కూర్చున్నది ఆయనే. తీసేసింది 1978లో, మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం. ఈ మెసేజ్ తిట్టాలనుకున్న కాంగ్రెస్ వాళ్ళు అప్పుడు అధికారంలోనే లేరు.

రెండోది: 30 వేల మంది ఉద్యోగులు కూర్చుని తిన్నారట. 2021లో ప్రభుత్వం టాటాలకి అమ్మేనాటికి ఎయిర్ ఇండియాలో ఉన్నది 12,085 మంది, అందులో నాలుగు వేల మంది కాంట్రాక్టు వాళ్ళు. గ్రౌండ్ పని, ఇంజనీరింగ్ వేరే కంపెనీల కింద ఉన్నాయి, సరే, అది కూడా కలుపుకోండి. అయినా పాత లెక్క పట్టుకుని ఇంకెన్నాళ్ళు తిడతారు?

మూడోది వాస్తు. ముంబై నారిమన్ పాయింట్‌లోని హెడ్డాఫీసు భవనం సముద్రానికి ఎదురుగా ఉండటం దోషమట. 2013లో హెడ్డాఫీసు ఢిల్లీకి మారింది. అక్కడ సముద్రం లేదు. నష్టాలు మాత్రం వచ్చాయి.

ఇక నాలుగోది. నాకు ఒళ్ళు మండింది దీనికే. "మన గల్ఫ్ కూలీలకి దేశభక్తి లేదు. 1990లో కువైట్ నుంచి లక్షా 70 వేల మందిని ఎయిర్ ఇండియా మోసుకొచ్చింది. ఆ రుణం మరిచి ఎమిరేట్స్ ఎక్కుతున్నారు. అందుకే మునిగింది."

ఈ మాట అంటున్నది ఎక్కడ కూర్చుని? నరసాపురంలో, రాజోలులో, పాలకొల్లులో! వీధికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపని చేస్తున్న ఊళ్ళలో! వాళ్ళు పంపిన డబ్బుతో వేసిన స్లాబు కింద కూర్చుని ఫార్వర్డ్ నొక్కినవాళ్ళు కూడా ఉన్నారు, నాకు తెలుసు. అయ్యా, ఆ టికెట్ చాలాసార్లు కొనేది అక్కడి యజమాని కఫీలో, ఏజెంటో. ఏ విమానమో ఆవిడకి తెలిసేది కాగితం చేతికొచ్చాకే. నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా కూర్చుని హైదరాబాద్ వెళ్ళి విమానం ఎక్కే మనిషిని "దేశభక్తి టికెట్ అడిగావా అమ్మా?" అని నిలదీద్దామా?

1990 సంగతి గొప్పదే. ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా రెండు నెలలు విమానాలు నడిపారు, దానికి దండం పెట్టాల్సిందే. అయితే 2020లో కోవిడ్ అప్పుడు విదేశాల్లో చిక్కుకున్నవాళ్ళని తెచ్చిన వందే భారత్ విమానాల్లో వచ్చినవాళ్ళు టికెట్ డబ్బులు కట్టే వచ్చారు. రుణం మీద వడ్డీ అనుకోండి.

అసలు విషయం ఇంకోటుంది. గల్ఫ్ కూలీల కోసమని 2005లో మొదలుపెట్టిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 2015-16 నుంచి లాభాల్లో నడిచింది. అమ్మ కంపెనీ 2007 నుంచి ఏటా నష్టం చూపిస్తుంటే, ఈ "దేశభక్తి లేని" జనం ఎక్కిన పిల్ల కంపెనీ లాభం చూపించింది. మరి ఎవరు ముంచినట్టు?

2005-06లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ అనే రెండు ప్రభుత్వ కంపెనీలూ కలిపి 111 విమానాలకి ఆర్డరిచ్చాయి, చాలా వరకు అప్పు మీదే. 2007లో ఆ రెండింటినీ కలిపేశారు. జీతాలు వేరు, ప్రమోషన్ల పద్ధతులు వేరు, ఒకళ్ళంటే ఒకళ్ళకి పడదు. 2021 ఆగస్టు నాటికి అప్పు 61,562 కోట్లు. అందులో టాటాలు తీసుకున్నది 15,300 కోట్లే, మిగతాది ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. ఇందులో కువైట్ వెళ్ళిన సత్యవతక్క సంతకం ఎక్కడుందో చూపించండి.

అయిదోది: "దుబాయ్‌కి ఎడాపెడా సీట్లు ఇచ్చేశారు." అంటే ఇక్కడికి వారానికి ఇన్ని సీట్లు నడుపుకోవచ్చని మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి. ఇది నిజం. ఈ మెసేజ్‌లో నిజం ఉంటుందని నేననుకోలేదు, కానీ ఉంది. 1985లో పాకిస్తాన్ నుంచి అద్దెకి తెచ్చిన రెండు విమానాలతో మొదలైన ఎమిరేట్స్ అంత పెద్దదవడానికి కారణం దుబాయ్ ఉన్న చోటు. మనకి బస్సు మారడానికి రావులపాలెం ఎలాగో వాళ్ళకి దుబాయ్ అలాగ: అటు లండన్ వెళ్ళేవాడు, ఇటు న్యూయార్క్ వెళ్ళేవాడు అక్కడే దిగి మారతాడు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి నిండిన విమానంలో దుబాయ్‌లో పనున్నవాళ్ళు మాత్రమే ఉండరు. 2014 నాటికి ఒక్క దుబాయ్‌కే వారానికి ఒక్కో వైపు 65 వేల పైచిలుకు సీట్లకి మన ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. మనవాళ్ళ దగ్గర అన్ని విమానాలు లేని రోజుల్లోనే సీట్లు భారీగా పెంచేశారని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ కూడా 2011 రిపోర్టులో తప్పుపట్టింది.

అంటే ఆ సీట్లిచ్చింది ఢిల్లీలో సంతకం పెట్టినవాళ్ళు. అయిదో పాయింటు నిజమైతే నాలుగో పాయింటు ఎలా నిలబడుతుందో ఫార్వర్డ్ చేసినవాళ్ళలో ఒక్కరైనా చెప్పండి. గులాబీ పువ్వు బొమ్మ కాదు, జవాబు పెట్టండి.